అద్దం లోపలి వైపు

సొరంగం కెమెరా లెక్క ప్రకారం ఆ మనిషి చావడానికి పన్నెండు సెకన్లు పట్టింది.

మంగళవారం పగలు పదకొండు గంటల నలభై రెండు నిమిషాల ఏడో సెకనుకి అతని స్పోర్ట్స్ కారు సొరంగంలోకి దూరింది. పంతొమ్మిదో సెకనుకి కుడిపక్క గోడని గుద్దుకుంది. మధ్యలో ఒక్కసారి కూడా బ్రేకు పడలేదు. నాలుక మీద లోతుగా పంటిగాట్లున్నాయనీ, కుడికాలు యాక్సిలరేటరు మీద కర్రలా బిగుసుకుపోయిందనీ డాక్టరు రాశాడు. భయపడ్డవాడు బ్రేకు తొక్కుతాడు. మూర్ఛ వచ్చినవాడికి ఆ తీరిక ఉండదు.

మూర్ఛ ఊరికే రాలేదు. చీకట్లోకి రాగానే కారు హెడ్‌లైట్లు వాటంతటవే వెలిగాయి. వెలిగి నిలవలేదు. సెకనుకి పద్దెనిమిదిసార్లు ఆరుతూ వెలుగుతూ కొట్టుకున్నాయి. ఆ తెల్లటి వెలుగు పక్కనే ఉన్న తెల్లటి గోడ మీద పడి, వెనక్కి తిరిగి, సరాసరి అతని కళ్ళలోకి పోయింది.

ఆ హెడ్‌లైట్లు కారుతో వచ్చినవి కావు. అరగంట ముందు ఒక వర్క్‌షాపులో బిగించినవి. ఖరీదైన కార్లకి కోరిన రంగులో, కోరిన తీరులో వెలిగే ఎల్ఈడీ దీపాలు చేసే చోటు అది. చేసే మేస్త్రి ఒక్కడే, అరవై మూడేళ్ళవాడు. గురువారం సాయంత్రం నాలుగింటికి ఆయన్ని హత్యానేరం కింద తీసుకుపోతానని ఇన్‌స్పెక్టరు గడువు పెట్టాడు. నేను ఆ వర్క్‌షాపు గుమ్మం ఎక్కేసరికి గురువారం రెండూ ఇరవై.

నన్ను పిలిచింది మేస్త్రి కోడలు. పొద్దున ఫోనులో ఒక్కటే మాట చెప్పింది. "మా మావయ్యని కాపాడండి." ఏడవలేదు. ఏడవనివాళ్ళ మాట నేను త్వరగా నమ్ముతాను. అది నా బలహీనత అని పోలీసు శాఖలో ఉన్నప్పుడే చెప్పారు. అక్కడ పదకొండేళ్ళు నా ఉద్యోగం నేరస్తుల ఎదురుగా కూర్చుని వాళ్ళ మనసులో ఏముందో కాగితం మీద పెట్టడం.

ఆమె పనిచేసే గది పైన, పద్నాలుగు మెట్లెక్కితే వస్తుంది. ఒక కంప్యూటరు, సన్నటి తీగల చుట్టలు, తీగల్ని వేడితో అతికే సోల్డరింగ్ ఐరన్, ఒకటే కుర్చీ. నన్ను కూర్చోమని తను నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయి. భర్త పోయి పద్నాలుగు నెలలయిందని ముందే తెలుసుకుని వచ్చాను.

"హెడ్‌లైటు విప్పడం మీకొచ్చా?"

"చూసి చూసి తెలుసు. ముట్టుకోనిస్తే కదా! దీపం మీద మావయ్య చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదు. సొంత కొడుక్కే ఇరవై ఏడేళ్ళు వచ్చేదాకా అద్దం తుడవనివ్వలేదు."

"మరి మీ పనేంటి?"

"ఎలా వెలగాలో రాయడం. తలుపు తియ్యగానే ఎల్ఈడీ గింజలు వరసగా వెలగాలా, ఊపిరి పీల్చినట్టు పెరిగి తగ్గాలా, ఏ రంగులోంచి ఏ రంగులోకి పోవాలి... అవన్నీ రాసి చిప్పులో పెట్టి ఇస్తాను. ఆ తర్వాత దాని మొహం చూడను."

చనిపోయినవాడి పని కాగితం నా ముందు పెట్టింది. కింద గోడకి తగిలించి ఉంటే తెచ్చిందట. కారు నంబరు, రంగులు, కొలతలు. చివర్న ఎర్ర సిరాతో, రెండుసార్లు గీత గీసి: మెరుపులు వద్దు, మూర్ఛ.

"ఇది రాసింది?"

"నేనే. రెండేళ్ళ క్రితం మొదటి కారు తెచ్చినప్పుడు గోడ మీద అన్ని రకాలూ వేసి చూపిస్తున్నాను. వేగంగా కొట్టుకునేది వెయ్యగానే మొహం పాలిపోయింది. ఆపెయ్ ఆపెయ్ అని అరిచాడు. చిన్నప్పుడు మూర్ఛ ఉండేదట. ఎవరికీ చెప్పకు, లైసెన్సు పోతుంది అన్నాడు."

"మీరు చెప్పారా?"

"చెప్పలేదు. రాశాను. కాగితం గోడకుంది. మావయ్యకి చదువొచ్చు."

కాపాడమని పిలిచిన మనిషి మాటలు ఇలా ఉండవు. అది నాకప్పుడే తట్టింది. కానీ నిజాయితీ ఎక్కువైనవాళ్ళు కూడా ఇలాగే మాట్లాడతారని సర్ది చెప్పుకున్నాను. మనసు తనకి నచ్చిన ముగింపుకి తనే దారి వేసుకుంటుంది. ఈ సంగతి తెలిసినందువల్ల నాకు ఎప్పుడూ లాభం కలగలేదు.

కాగితం తీసుకుంటున్నప్పుడు ఆమె కుడి బొటనవేలు చూశాను. మెత్తటి వైపు ఏటవాలుగా ఒక గాటు, తెల్ల దారంలా.

"కోసుకున్నారా?"

"పాతది."

"కారు ఇచ్చేముందు దీపాలు ఎన్నిసార్లు వెలిగించి చూస్తారు?"

"మూడు. ఒకటి దీపం కోసం, ఒకటి కారు కోసం, ఒకటి కొన్నవాడి కోసం అంటాడు మావయ్య. ఆయన ఈ పనిలోకి వచ్చినప్పట్నించీ అంతే. నాలుగోది ఎవరు అడిగినా వెయ్యడు."

"హంతకుడికి ఆ సంగతి తెలుసు," అన్నాను. "ఎడమ హెడ్‌లైటులో దాచిన చిప్పుని పోలీసు నిపుణుడు తీగల ద్వారా చదివాడు. మొదటి మూడుసార్లు బుద్ధిగా వెలిగిస్తుంది. నాలుగోసారి మొదలుపెడుతుంది. అంటే దారిలో, సొరంగంలో."

"అందుకే ఇన్‌స్పెక్టరు మావయ్యే అంటున్నాడు."

"వాడు పొరపాటు పడుతున్నాడు."

ఇక్కడే నేను నోరు మూసుకుని కిందికి దిగాల్సింది. దిగలేదు. గదిలో నా మాట శ్రద్ధగా వినే ఆడమనిషి ఉంటే నాకు పాఠం చెప్పాలనిపిస్తుంది. నా పెళ్ళి పోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

"వచ్చేటప్పుడు కింద బల్ల మీద ఆ దీపం చూశాను. కుడిది పొడైపోయినా ఎడమది చెక్కుచెదరలేదు. అద్దం లోపలి వైపు పల్చటి తెల్లపొర ఉంది. అది తేమ కాదు. సూపర్ గ్లూ. ఆరేటప్పుడు దాన్నుంచి ఆవిరి వస్తుంది. మూసేసిన దీపంలో ఆ ఆవిరికి దారి లేక అద్దానికి పడుతుంది. ఈ పని తెలిసినవాళ్ళు హెడ్‌లైటు లోపల సూపర్ గ్లూ వాడరు. అవునా?"

"వాడరు."

"మీ మావయ్య?"

"చచ్చినా వాడడు."

"అందుకే చిప్పు అంటించింది ఆయన కాదు. ఇంకో సంగతుంది. ఆ ఆవిరి చేతి జిడ్డు ఉన్నచోట ఇంకా దట్టంగా పడుతుంది. వేలిముద్రలు పైకి తేవడానికి పోలీసు లాబుల్లో వాడేదే అది. అంటించినవాళ్ళు అద్దం లోపల ఎక్కడైనా వేలు పెట్టి ఉంటే, ఆ వేలు ఈపాటికి తెల్లగా తేలి ఉంటుంది. లోపల చిన్న దీపం ఒక్కటి వెలిగిస్తే చాలు."

 ఆమె చెయ్యి చాపి సోల్డరింగ్ ఐరన్ స్విచ్చి వేసింది.

"నా పని నేను చేసుకుంటుంటాను. మీరు వెలిగించి చూడండి," అంది.

కింద ఇన్‌స్పెక్టరు నాకోసమే ఎదురుచూస్తున్నట్టు బల్లకి ఆనుకుని నిలబడ్డాడు. వాడు నన్ను వదిలేసిన భార్యకి తమ్ముడు. నా దగ్గరే ప్రశ్నలు వెయ్యడం నేర్చుకున్నాడు. జవాబులు వినడం నేర్చుకోలేదు.

"రా బావా, రా. అక్క నిన్ను వదిలేసి ఆరేళ్ళయింది. నా నోరు మాత్రం బావా అనడం వదల్లేదు చూడు. పైన పాఠం అయిపోయిందా?"

"కేసు అయిపోయిందా?"

"అయినట్టే. దీపం చేసింది ఈయన, మూసింది ఈయన, బిగించింది ఈయన. వాడికి మూర్ఛ ఉందన్న కాగితం ఈయన గోడకుంది. ఇప్పుడు తన చేత్తో తనే విప్పి చూపిస్తాడు. అది వీడియో తీసి నాలుగింటికి బయలుదేరతాం. నీకెంత టైము కావాలి? నీ గురించి నాకు తెలుసు కాబట్టి అడుగుతున్నా. నీకు మనుషులు అర్థం కావడానికి కొన్నేళ్ళు పడుతుంది."

మేస్త్రి ఎత్తుపీట మీద కూర్చుని ఉన్నాడు. గోళ్ళు చర్మం దాకా కత్తిరించుకున్న చేతులు, మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకున్నాడు, దేన్నీ తాకకుండా. వెనక దీపాలు వేసి చూసే తెల్లగోడ. మూలన ఓవెన్. బల్ల మీద పరిచిన మెత్తటి గుడ్డ మీద, పోలీసు సంచిలోంచి తీసిన ఎడమ హెడ్‌లైటు.

"ఈ దీపం ఎవరు మూశారు?"

"నేనే బాబూ."

"ఎప్పుడు?"

"సోమవారం మధ్యాహ్నం రెండింటికి."

"అంతకుముందు?"

"అద్దం లోపల స్పిరిట్‌తో తుడిచి, గుడ్డ కప్పి, ఒంటిగంటకి భోజనానికి లేచాను. ఒకటీ నలభైకి తిరిగొచ్చాను."

"మూసేముందు మళ్ళీ తుడవలేదా?"

ఆయన తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "గుడ్డ కప్పినదాన్ని మళ్ళీ తుడవడమెందుకు?" అన్నాడు.

"ఆ నలభై నిమిషాలూ ఇక్కడ ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మీ కోడలు?"

"అమ్మాయి పైన ఉంటుంది. దీపాల జోలికి రాదు."

ఇన్‌స్పెక్టరు పగలబడి నవ్వాడు. "విన్నావా? నువ్వు తీసిన తలుపులోంచి బయటికి రానంటున్నాడు. ఇలాంటి ముద్దాయి నాకు ఏడాదికొకడు దొరికినా చాలు. పెద్దాయనా, నీకు దణ్ణం."

"వాడి మూర్ఛ సంగతి మీకు తెలుసా?" అని మేస్త్రినే అడిగాను.

"కాగితం చదివాను."

"వాడిమీద మీకు కోపం ఉందా?"

కిటికీ లేని గది అది. అయినా ఆయన కిటికీ కోసం వెతికినట్టు గోడలన్నీ చూశాడు. "నాకు వాడితో మాటల్లేవు. దీపాలడిగేవాడు. చేసిచ్చేవాణ్ణి."

మూడూ ఇరవై ఒకటికి ఇన్‌స్పెక్టరు ఫోను మోగింది. పైఅధికారి అయ్యుంటాడు, చొక్కా సర్దుకుంటూ మాట్లాడాడు. "నీ గారడీ ఏదో కానియ్ బావా, నేను చూడక్కర్లేదు," అని వాకిట్లోకి వెళ్ళాడు.

గదిలో మేమిద్దరమే మిగిలాం. చంపే చిప్పు తీగలు ముట్టకుండా, పగటిపూట వెలిగే చిన్న గింజ ఒక్కదానికి బ్యాటరీ కలిపించాను. మేస్త్రే కలిపాడు. నేను గదిలో లైటు ఆర్పేశాను.

తెల్లగోడ మీద బొటనవేలు పడింది.

మనిషంత ఎత్తు వేలు. గీత గీతా తెలుస్తోంది, దున్నిన నేలని పైనుంచి చూసినట్టు. ఆ గీతలన్నిటినీ ఏటవాలుగా కోసుకుంటూ ఒక సన్నటి గాటు, పైనుంచి కిందికి.

గంట క్రితం పైగదిలో కాగితం అందించిన వేలు అది.

మేస్త్రి దాన్ని ఆరు సెకన్లు చూశాడు. సెకన్లు లెక్కపెట్టడం నాకు అలవాటు. ఆ ఆరు సెకన్లలో ఆయన మొహంలో ఉన్నదాన్ని నేను ఆశ్చర్యం అని చదివాను. జీవితమంతా వేలు పడకుండా కాపాడుకున్న అద్దం లోపల ఎవరిదో వేలు కనబడితే పనిమంతుడు పడే నొప్పి అనుకున్నాను. ఆయన కళ్ళు గీతల మీద లేవనీ, గాటు మీద ఆగాయనీ ఇప్పుడు గుర్తు చేసుకోగలను. అప్పుడు నా చేతులు ఫోనులో ఫోటో తీస్తున్నాయి.

"ఇది మీ వేలు కాదు," అన్నాను. నా గొంతులో గర్వం నాకే వినపడింది. "అద్దం మీదున్న ముద్రకి మీ వేలు ఒకటిన్నర రెట్లుంటుంది. మీరు బయటపడ్డారు."

"దీపం ఆర్పండి బాబూ. చూడటం అయింది కదా."

ఆర్పాను.

"అద్దం విప్పితే గానీ మీకు పనికిరాదు," అన్నాడు. "ఓవెన్‌లో ఇరవై నిమిషాలుంచితే జిగురు మెత్తబడుతుంది. చిప్పూ చేతికొస్తుంది, అద్దమూ చేతికొస్తుంది."

ఒప్పుకున్నాను. నేను చదివిన మనస్తత్వశాస్త్రంలో, మునిగిపోయే మనిషి దొరికినదాన్ని పట్టుకుంటాడు. దొరికినదాన్ని తనే దూరంగా నెట్టేవాడి గురించి ఆ పుస్తకాల్లో రాసింది తక్కువ.

మూడూ ఇరవై ఐదుకి దీపం ఓవెన్‌లోకి వెళ్ళింది. మేస్త్రి దాని ముందే కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు ఫోను ముగించుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మీ అబ్బాయి ఎలా పోయాడు?" అన్నాను.

"సందెవేళ స్కూటరు మీద వస్తున్నాడు. ఎదురుగా కారు. ఆ దీపాల వెలుగుకి కళ్ళు కనపడలేదు. కారు రాసుకుంటూ పోయింది. వీడు డివైడరు మీద పడ్డాడు."

"ఏ కారు?"

"తెలియలేదన్నారు."

"ఆ కేసు మూసేశాం," అన్నాడు గుమ్మంలోంచి ఇన్‌స్పెక్టరు. "నేనే మూశాను. నంబరు చూసినవాడు లేడు. రోడ్డు మీద గాజుముక్కలు మాత్రం ఉన్నాయి. ఏ గాజో ఎవరికి తెలుసు? బావా, ఈ హత్య చాలదా నీకు? పాతవి కూడా కావాలా?"

మేస్త్రి అదేమీ విననట్టు, "అద్దం అంచున నంబరుంటుంది," అన్నాడు. ఎవరితో అంటున్నాడో అర్థం కాలేదు. "నల్లజిగురు కింద, సూదితో గీస్తాను. దీపం పగిలితే తప్ప ఎవరికీ కనపడదు. నా ఒక్కడికే తెలిసిన నంబరు."

మూడూ నలభై ఐదుకి చేతితొడుగులు వేసుకుని దీపం బయటికి తీశాడు. ఇన్‌స్పెక్టరు వీడియో మొదలుపెట్టాడు. మేస్త్రి బొటనవేళ్ళతో అంచు పట్టి లాగితే నల్లజిగురు సాగి, దారాలై, తెగింది. అద్దం విడిపోయింది. దాన్ని పట్టుకుని మాకు వీపు చేసి తిరిగాడు.

శుభ్రమైన అద్దం మీద తడిగుడ్డ కదిలితే ఒక కీచు శబ్దం వస్తుంది. అది రెండుసార్లు వినపడింది.

నేను బల్ల చుట్టూ తిరిగి వెళ్ళేసరికి అయిపోయింది. స్పిరిట్ వాసన. అద్దం నా చేతిలో పెట్టాడు. దాంట్లోంచి నా అరచెయ్యి తప్ప ఏమీ కనపడలేదు.

"అలవాటు బాబూ," అన్నాడు. "విప్పగానే తుడుస్తాను."

"ఏంటది? ఏం తుడిచాడు?" అంటూ ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చాడు.

"లోపల చెయ్యి వేసింది నేనే," అన్నాడు మేస్త్రి, వాడి ఫోను వైపు తిరిగి, కొత్తవాళ్ళకి పని వివరించే గొంతుతో. "సూపర్ గ్లూ వాడింది నేనే. తొందర్లో వాడాను. ఇంకేమైనా చెప్పాలా?"

"వేలిముద్ర ఉంది!" అని అరిచాను. "నేను చూశాను. ఆడమనిషి వేలు. ఈయన ముందే గోడ మీద వేసి చూశాను."

"ఏదీ?"

"తుడిచేశాడు."

"నువ్వు ఫోటో తీసుంటావుగా. నీకు అన్నిటికీ రుజువులుండాలి."

ఫోను తీశాను. చీకటిగదిలో ఒక్కసారిగా పడిన వెలుగుకి ఫోటో అంతా తెల్లటి మచ్చ. గీత లేదు, గాటు లేదు. వాడు నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"అక్క ఇదే చెప్పేది బావా. నీకొక్కడికే కనపడేవి ఇంట్లో చాలా ఉండేవిట."

కొట్టాలనిపించింది. కొట్టలేదు. పద్నాలుగు మెట్లు పరుగెత్తాను.

మెట్ల మీదే వాసన తగిలింది. మాంసం కాలిన వాసన.

ఆమె నా కోసం వదిలేసినట్టుగా కుర్చీ ఖాళీగా ఉంచి నేల మీద కూర్చుంది. కుడి బొటనవేలు నీళ్ళగ్లాసులో ముంచి ఉంది. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయింది. సోల్డరింగ్ ఐరన్ కొసన ఇంకా సన్నగా పొగ లేస్తోంది. పెదవి మీద పంటిగాటు. కింద ముగ్గురం మగవాళ్ళం ఉండి, ఒక్క కేక కూడా వినలేదు.

"పని చేస్తుంటే చెయ్యి జారింది," అంది.

"సూపర్ గ్లూ పొర వేస్తుందని మీకు ముందే తెలుసు."

"తెలుసు. మామూలు జిగురు ఆరడానికి ఒక రోజు పడుతుంది. నాకు నలభై నిమిషాలే ఉన్నాయి. రెండు దీపాలూ పొడైపోతాయి కదా, పొర వేస్తే ఏం అనుకున్నాను." గ్లాసులో వేలు కొంచెం కదిపి, ఊపిరి బిగబట్టి వదిలింది. "ఎడమది మిగిలిందని నిన్న తెలిసింది. అద్దం పక్కకి జరిపినప్పుడు వేలు తగిలిందని గుర్తుంది. అది కనపడుతుందో లేదో తెలియలేదు. పోలీసుల్ని అడగలేను కదా. ఇలాంటివి తెలిసినవాళ్ళెవరని వాకబు చేస్తే మీ సంగతి చెప్పారు. తెలివైనవాడు, అడక్కుండానే అంతా చెప్పేస్తాడు అన్నారు."

"మావయ్యని కాపాడమన్నారు."

"అంటేనే కదా మీరొచ్చేది."

ఎడమచేత్తో సొరుగు లాగి, మడతపెట్టిన కాగితంలోంచి ఒక అద్దంముక్క తీసి నేల మీద పెట్టింది. గోరంత ముక్క. అంచున ఎండిన నల్లజిగురు. జిగురు లేచిపోయిన చోట సూదితో గీసిన మూడంకెలు: 212.

"మా ఆయన చొక్కా జేబులో ఉంది. ఆస్పత్రివాళ్ళు బట్టలు మూటకట్టి ఇచ్చారు. పది నెలలు విప్పలేకపోయాను. విప్పిన రోజు వేలు తెగింది. అంకెలు మావయ్యవని చూడగానే తెలిసింది. కింద పనుల పుస్తకం తీసి చూశాను. 212, మంగళవారం చచ్చినవాడి మొదటి కారు, కుడి దీపం. దానికి నాలుగు పేజీల తర్వాత, మా ఆయన పోయిన మర్నాటి తేదీ. అదే కారు. కుడి అద్దం మార్చడమైనది. మావయ్య చేతిరాత."

ఏదో అనబోయాను. ఆమె ఆగలేదు.

"మా ఆయన ఇంకా ఆస్పత్రిలో మంచుపెట్టెలోనే ఉన్నాడు. ఈయన కింద కూర్చుని ఆ దీపం విప్పి, కడిగి, కొత్త అద్దం వేసి, మూడుసార్లు వెలిగించి చూపించి పంపాడు. తన దీపమే తన కొడుకుని చంపిందని నలుగురికీ తెలిస్తే ఎలా? అప్పట్నించీ రోజూ నా ఎదురుగా అన్నం తిన్నాడు. కూర బాగుంది తల్లీ అన్నాడు."

"ఇప్పుడు మీ వేలిముద్ర తుడిచేశాడు. తనే చేశానని చెప్పేశాడు."

"తుడుస్తాడు. తుడవడం ఆయనకి అలవాటు." ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. "అప్పుడు వాడి కోసం తుడిచాడు. ఇప్పుడు నా కోసం. నేను అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. వెళ్ళనివ్వండి."

నాలో ఉన్న క్రూరుడు అప్పుడు మాట్లాడాడు. "చర్మం మళ్ళీ వస్తుంది. ఆ గీతలే వస్తాయి, ఆ గాటుతోనే. నాలుగైదు వారాలు. నా దగ్గర ఫోటో ఉంది."

ఆమె నా మొహం చూసింది. నేను పదకొండేళ్ళు మనుషుల్ని చూసిన తీరులోనే చూసింది.

"లేదు," అంది. "ఉన్నా సరే. వచ్చినప్పుడల్లా ఈ ఐరన్ వేడి చేస్తాను."

కిందనుంచి కేక. "బావా! నాలుగవుతోంది. వచ్చి సంతకం పెట్టు."

అద్దంముక్క కోసం వంగాను. ఆమె నాకంటే ముందే దాన్ని కాగితంలో మడిచింది. లాక్కోవచ్చు. లాక్కుని కిందికి తీసుకెళితే, పద్నాలుగు నెలల క్రితం గాజుముక్కలు ఏ గాజో తెలియదని రాసి కేసు మూసినవాడి చేతికివ్వాలి. వాడు దాన్ని ఎక్కడ పడేస్తాడో నాకు తెలుసు. ఆమెకీ తెలుసు.

కింద మేస్త్రి చేతులకి బేడీలు పడ్డాయి. అప్పటికీ అరచేతులు వెల్లకిలానే ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు బల్ల మీద నేను చెప్పినట్టుగా రాసిన సాక్ష్యం కాగితం పరిచాడు. నా కళ్ళెదుట ముద్దాయి హెడ్‌లైటు అద్దాన్ని విప్పి, లోపలి వైపు ఉన్న ఆధారాన్ని స్పిరిట్‌తో తుడిచివేశాడు. తర్వాత నేరం ఒప్పుకున్నాడు. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

"నీ మాటకి కోర్టులో విలువుంది బావా, నాకు లేకపోయినా," అన్నాడు. "ముద్దాయి తరఫు మనిషే సాక్ష్యం చెప్పాక ఇంక వాదించేదేముంటుంది?"

ఆమె నన్ను ఎందుకు పిలిచిందో మొత్తం అర్థమైందనుకున్నాను. పెన్ను పెట్టేశాను.

"నేను చూసింది ఇంతే కాదు. పైకి రా. ఆమె వేలు చూడు."

"చూశాను. నీ వెనకాలే మెట్లెక్కి తొంగి చూసి దిగిపోయాను, నువ్వు నీళ్ళగ్లాసు ముందు నిలబడి ఉపన్యాసం మొదలుపెడుతుంటే. వేలు కాలిందిట. మామ జైలుకి పోతుంటే కోడలికి చెయ్యి వణకదా? నీకు ఆడవాళ్ళ ఏడుపు కూడా నేరంలాగే కనపడుతుంది." గుమ్మం వైపు తిరిగి బండి దగ్గరికి తెమ్మని కేకేశాడు.

ఆ నాలుగు క్షణాల్లో మేస్త్రి నా వైపు వంగాడు.

"గుడ్డ నాలుగు మడతలు పెట్టి కప్పుతాను బాబూ," అన్నాడు మెల్లగా. "ఎప్పుడూ నాలుగే. సోమవారం భోజనం చేసి వచ్చేసరికి మూడున్నాయి."

నేను బల్ల మీది గుడ్డ వైపు చూశాను.

"పనుల పుస్తకం అమ్మాయి తీసి చూసిందని నాకు తెలుసు. ఆ పేజీలో వేలి నెత్తురు మరక ఉంది. నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్నాను, నన్ను ఏం చేస్తుందా అని. గుడ్డ ఎత్తి లోపల చూడొచ్చు. తుడవొచ్చు. చూడలేదు, తుడవలేదు. జిగురు పెట్టి మూసేశాను. మంగళవారం మూడుసార్లు వెలిగించి ఇచ్చాను." ఊపిరి తీసుకున్నాడు. "అందులో ఏముందో తెలియదు. ఎవరికోసం పెట్టిందో తెలుసు."

"ఆమెకి చెప్పారా?"

"చెప్పకండి. తనే చేశాననుకోనివ్వండి. దానికి అదొక్కటే మిగిలింది."

ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగాడు. "ఏంటి గుసగుసలు?"

మూడూ యాభై ఎనిమిది. పైన కుర్చీ జరిగిన చప్పుడయింది. ఐరన్ మళ్ళీ స్టాండులో పెట్టిన చిన్న ఇనుప చప్పుడు కూడా. మేస్త్రి తల ఎత్తి కప్పు వైపు చూశాడు, లోపల మబ్బు పట్టిన దీపాన్ని చూసినట్టు.

"దీపం మూసింది నేనే బాబూ," అన్నాడు, ఇన్‌స్పెక్టరుకి వినపడేలా. "పొద్దున్నించీ అదే చెబుతున్నాను."

పెన్ను తీసుకున్నాను. సంతకం పెట్టి కాగితం తిప్పి ఇచ్చేటప్పుడు, నా బొటనవేలు ఆరని సిరా మీద పడి ముద్ర అంటుకుంది. మేస్త్రి దానివైపు చూసి, చేతులు కట్టేసి ఉన్నాయని మరిచిపోయి, తుడవడానికి గుడ్డ కోసం బల్ల మీద వెతికాడు.